జారింది మార్త కాలు కాదు

నా కుడి చీలమండ అంతర్ జిల్లాల వాలీబాల్ ఫైనల్లో దెబ్బతింది. నెట్టు మీదకి నడుము దాకా లేచి స్మాష్ కొట్టాను. దిగేటప్పుడు అవతలి జట్టు కెప్టెన్ పాదం మీద దిగాను. కాలు మడతపడ్డా పాయింటు మాకే వచ్చింది.

ఈ మాట నలభై ఏళ్ళ పైబడి చెబుతున్నాను. తిరువూరులో నా దగ్గర డ్రిల్లు నేర్చుకున్న వాళ్ళందరికీ ఇది కంఠతా వచ్చు. జరిగింది వేరు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, స్కూల్లో ఆటల పోటీలకు ముందు రోజు, కోర్టుకు సున్నంతో గీతలు వేయించాను. అవి ఎంత తిన్నగా వచ్చాయో చూసుకుని మురిసిపోతూ వెనక్కి వెనక్కి నడిచాను. నెట్టు స్తంభం కోసం నేనే దగ్గరుండి తవ్వించిన గుంట నా వెనకే ఉంది. అంతే. అవతలి జట్టు లేదు, కెప్టెన్ లేడు. చూసిన మనిషి అటెండరు ఒక్కడే. ఎవరికీ చెప్పొద్దని అతన్ని బతిమాలుకున్నాను.

ఇది ముందే చెప్పడానికి కారణం ఉంది. నాకు డెబ్భై రెండేళ్ళు. రిటైరైన వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. మాటను కాస్త పెంచి చెప్పడం నా అలవాటు, దానివల్ల ఎవరికీ నష్టం లేదని నా నమ్మకం. పోయిన ఏడాది నవంబరు నుంచి ఈ ఏడాది మే దాకా మా ఇంట్లో జరిగింది చూశాక ఆ నమ్మకం పోయింది. బెణికిన కాలును దాచుకుని ఆడేవాళ్ళు మన గ్రౌండ్లలో చాలామంది ఉన్నారు. వాళ్ళ కోసం, వాళ్ళ పక్కన నడిచేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. కొంత నా కోసం కూడా.

నవంబరు

పత్తి తీతలు సాగుతున్న రోజులు. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్లు దిగుతున్నాం. నాలుగే మెట్లు. మా ఆవిడ మార్త ఎప్పటిలాగే నా చెయ్యి పట్టుకుంది. మార్తకు అరవై ఎనిమిదేళ్ళు, నాకన్నా గట్టి మనిషి. చెయ్యి పట్టుకోవడం అవసరం కొద్దీ కాదు. పెళ్ళైన కొత్తలో నలుగురిలో నా పక్కన నడవడానికే సిగ్గుపడేది. మెట్ల దగ్గర పట్టుకుంటే మాత్రం ఎవరూ ఏమీ అనుకోరని కనిపెట్టింది. అది అలా ఉండిపోయింది.

మూడో మెట్టు మీద నా కుడి పాదం బయటి వైపుకు దొర్లింది. నొప్పి లేదు. ఈ బాధ ఉన్నవాళ్ళకు తెలుసు, ఇలాంటి కాలు నొప్పి పెట్టదు, చెప్పకుండా సెలవు పెడుతుంది. ఒక్క క్షణం మన కింద ఏమీ ఉండదు. పడుతూ పడుతూ చేతికి అందినదాన్ని గట్టిగా పట్టుకున్నాను. అందింది మార్త. ఇద్దరం కంకర మీద పడ్డాం. నా మోకాలు గీరుకుపోయింది. మార్త ఎడమ మణికట్టు విరిగింది.

జనం చుట్టూ మూగారు. "ఏమైంది మాస్టారూ?" అని ఎవరో అడిగారు.

ఊరందరికీ లెఫ్ట్ రైట్ నేర్పినవాణ్ణి. మెట్టు దిగలేక పడ్డానని చెప్పడానికి నోరు రాలేదు. "మార్త కాలు జారిందండీ, పట్టుకోబోయాను" అన్నాను. ఆలోచించి అన్న మాట కాదు, దానంతటదే వచ్చేసింది.

మార్త విరిగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని నా వైపు చూసింది. "జారిందా అండీ? నాకు తెలీనే లేదు."

"జారింది. నేను చూశాగా" అన్నాను.

అక్కడితో ఆగినా బాగుండేది. మా చర్చిలో ఆరాధన మధ్యలో సాక్ష్యాలు చెప్పే సమయం ఉంటుంది. మేలు పొందినవాళ్ళు లేచి నలుగురి ముందూ చెబుతారు. పరీక్ష పాసైనవాళ్ళు, జ్వరం తగ్గినవాళ్ళు, తప్పిపోయిన గేదె దొరికినవాళ్ళు, ఎవరైనా. తర్వాతి ఆదివారం నేను లేచాను. మార్త సిమెంటు కట్టుతో ముందు వరసలో కూర్చుని ఉంది. ఆమె జారుతుంటే నేను గాల్లోనే ఒడుపుగా తిరిగి, ఆమె తల రాయికి తగలకుండా నా మోకాలు అడ్డం పెట్టానని చెప్పాను. పంచె కొంచెం పైకి లాగి పట్టీ కూడా చూపించాను. ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు తుడుచుకున్నారు. పాస్టరు గారు మార్తమ్మ కాళ్ళకు బలం దయచేయమని ప్రార్థన చేశారు. ఆ రోజు నుంచి వారం వారం చదివే ప్రార్థన అవసరతల జాబితాలో మార్త కాళ్ళు చేరిపోయాయి.

డిసెంబరు

కట్టు ఆరు వారాలు ఉంచాలన్నారు. ఎముకల ఆసుపత్రిలో నాలుగుసార్లు కూర్చున్నాం. అక్కడ గోడకు ఒక టీవీ, దానికి బొమ్మే గానీ శబ్దం లేదు. కాలు విరిగినవాళ్ళు, చెయ్యి విరిగినవాళ్ళు, వాళ్ళను తీసుకొచ్చినవాళ్ళు, అందరం దానికేసే చూస్తూ కూర్చునేవాళ్ళం. ఒకరోజు మార్త బత్తాయిని ఒంటి చేత్తో ఒలవడానికి తంటాలు పడుతుంటే పక్కనున్న పెనుగొలను ఊరావిడ చూసింది. ట్రాక్టరు మీద నుంచి పడ్డ మొగుణ్ణి తీసుకొచ్చింది ఆవిడ.

"ఒంటి చేత్తో ఎట్టా వలుస్తావు పిన్నీ, ఇటివ్వు" అని తీసుకుని, తొనలు విడదీసి, గింజలు తీసి, ఒక్కొక్కటే మార్త అరచేతిలో పెట్టింది. ఎలా పడిందో అడిగి తెలుసుకుంది. "నువ్వు అదృష్టవంతురాలివి పిన్నీ. బాబాయిగారు పట్టుకున్నారు. మా ఆయనైతే పక్కకి తప్పుకునేవాడు."

ఆమె మొగుడు కుర్చీలోంచి, "కాలు విరిగినోణ్ణి, ఇప్పుడన్నా వదిలిపెట్టవే" అన్నాడు.

అందరం నవ్వాం. ఆవిడ నాకూ ఒక తొన ఇచ్చింది. అది చాలాసేపు నోట్లోనే ఉండిపోయింది.

మా అమ్మాయి సునీత విస్సన్నపేటలో టీచరు. మా ఇంటికి రెండు వీధుల అవతల ఉంటుంది. రోజూ సాయంత్రం బస్సు దిగి నేరుగా మా ఇంటికొచ్చి వాళ్ళమ్మకు జడ వేసి వెళ్ళేది. చెయ్యి అతుక్కుంటుందని అందరూ ధైర్యం చెబుతుంటే తను మాత్రం వేరే సంగతి పట్టుకుంది. "చెయ్యి సరే నాన్నా. అసలు అమ్మ ఎందుకు పడింది? మెట్టు తడిగా లేదు, చెప్పులు కొత్తవి కావు. ఊరికే ఎందుకు పడింది?" అని విజయవాడ తీసుకెళ్ళి బీపీ, సుగరు, కళ్ళు, చెవులు అన్నీ చూపించింది. అన్నీ బాగున్నాయన్నారు. అది విని సునీత భయం ఇంకా పెరిగింది.

మార్త మారిపోయింది. ఇంట్లో గోడ పట్టుకుని నడవడం మొదలుపెట్టింది. హాల్లోంచి వంటింటి దాకా సున్నం మీద ఆమె చెయ్యి ఎత్తున ఒక మాసిన గీత పడింది. బుధవారం స్త్రీల కూడికకు వెళ్ళడం మానేసింది. ముప్ఫై ఏళ్ళుగా పిల్లలకు చెబుతున్న సండేస్కూలు ఇంకొకరికి అప్పగించింది. ఆదివారం మాత్రం సునీత చెయ్యి పట్టుకుని, అడుగులు లెక్కపెట్టుకుంటున్నట్టు నడిచి వచ్చేది.

ఒక మధ్యాహ్నం బియ్యంలో రాళ్ళు ఏరుతూ, తలెత్తకుండా అంది, "నా కాళ్ళ మీద నాకు నమ్మకం పోయిందండీ."

"వయసు మార్తా, అందరికీ ఉండేదే" అన్నాను. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నాకు సిగ్గేస్తుంది. ఫైనల్లో దెబ్బ తగిలిందని చెప్పిన అబద్ధాన్ని నవ్వుతూ ఒప్పుకోగలను, దీన్ని ఒప్పుకోలేను.

జనవరి

కట్టు తీశారు. మణికట్టు బిగుసుకుపోయింది. కసరత్తు చేయించాలన్నారు. బస్టాండుకు దగ్గర్లో ఒక ఫిజియోథెరపీ సెంటరు ఉంది. కాళ్ళు బాగాలేనివాళ్ళు రావలసిన చోటు, రెండో అంతస్తులో పెట్టారు. అక్కడ చూసే అమ్మాయి పేరు లావణ్య. మార్త చేతికి స్పాంజి బంతి ఇచ్చి నొక్కమని, గుమ్మం దగ్గర విడిచిన చెప్పులకేసి చూసింది.

"ఈ జత ఎవరిదండీ? కుడిది బయటి అంచు మొత్తం అరిగిపోయింది."

"నాదేనమ్మా" అన్నాను.

"మీ కాలు ఒకసారి చూడచ్చా సార్?"

రోజూ పొద్దున్నే కాలేజీ గ్రౌండులో వాలీబాల్ ఆడతానని, పాతికేళ్ళవాళ్ళు నా సర్వీసు తీయలేరని చెప్పాను. నిజానికి మాతో పాతికేళ్ళవాళ్ళు ఎవరూ ఆడరు. "చూస్తే ఆటగాణ్ణి చూసినట్టు చూడమ్మా. ముసలాళ్ళకు పెట్టే పరీక్షలు నాకొద్దు."

"సరే సార్, ఆటగాళ్ళకు పెట్టేవే పెడతాను. గెంతేవి మాత్రం ఇవాళ వద్దు" అని నవ్వింది.

ఇక్కడ నా పాత పద్ధతి గురించి చెప్పాలి. ముప్ఫై నాలుగేళ్ళ ఉద్యోగంలో కాలు బెణికిన పిల్లలకు నేను పెట్టిన పరీక్ష ఒక్కటే. విజిల్ వేసి "ఒక రౌండు కొట్టు" అనేవాణ్ణి. కొట్టి వచ్చాక జట్టు అందరి ముందూ, "నొప్పుందా?" అని అడిగేవాణ్ణి. "లేదు సార్" అనేవాళ్ళు. ఇంకేమంటారు? ఉందంటే రేపటి ఆటలో పేరుండదు. పైగా తిన్నగా పరుగెత్తడం చెడిపోయిన చీలమండ కూడా చేస్తుంది. పక్కకి తిరిగేటప్పుడు, మెట్టు దిగేటప్పుడు, ఎగుడుదిగుడు నేల మీద దాని సంగతి బయటపడుతుంది. నేను చూసింది వాళ్ళ పౌరుషాన్ని, కాలును కాదు. రోజూ పొద్దున్న నన్ను నేను పాస్ చేసుకున్నదీ ఆ పరీక్షలోనే.

లావణ్య నేల మీద తెల్ల టేపు మూడు వైపులకు అంటించింది, ఒకటి ముందుకు, రెండు వెనక్కి ఏటవాలుగా. వాటి నడుమ ఒంటికాలి మీద నిలబడి, చేతులు నడుము మీద పెట్టుకుని, రెండో కాలి వేలిని ఒక్కో టేపు వెంట ఎంత దూరం పోనిస్తే అంత దూరం పోనిచ్చి, పడకుండా వెనక్కి తీసుకోవాలి. ముందు ఎడమకాలి మీద చేయించి కొలిచింది. బాగానే వచ్చింది. కుడికాలి మీదకు రాగానే చీలమండ గజగజ వణికింది. వెనక్కి చాపేటప్పుడు ఎవరూ చూడరనుకుని బొటనవేలు నేలకు ఆనించి బరువంతా దాని మీద వేశాను.

"ఆయన వేలు ఆనించారమ్మా" అంది మార్త, బంతి నొక్కుతూనే.

"చూశాను మామ్మగారూ" అంది లావణ్య.

తర్వాత ఒంటికాలి మీద మునివేళ్ళపై లేవడం. ఎడమతో పన్నెండు లేచాను. కుడితో ఐదు లేచి, "తొమ్మిది" అన్నాను.

"ఐదు" అంది మార్త.

లావణ్య కాగితం మీద రాసుకుని నా ఎదురుగా కూర్చుంది. "కొలతలతో సగమే తెలుస్తుంది సార్. మిగతా సగం మీరు చెప్పాలి. ఈ కాలు వదిలేసినట్టు కావడం ఆఖరిసారి ఎప్పుడైంది?"

మార్త పక్కనే ఉంది. "ఇరవయ్యేళ్ళ కిందట" అన్నాను.

ఆ అమ్మాయి అదే రాసుకుంది. తర్వాత మార్తను లేపింది. "మామ్మగారూ, మీరు పడ్డారన్నారుగా, మీ కాళ్ళు కూడా చూస్తాను. ఒంటికాలి మీద నిలబడండి. నేనున్నాను." మార్త భయపడింది. లావణ్య తన రెండు చేతులూ ఆమె భుజాలకు దగ్గరగా పెట్టింది, తగలకుండా. మార్త నిలబడింది. పది లెక్క దాటింది, ఇరవై దాటింది. కాలు మార్చినా అంతే. కళ్ళు మూసుకోమంటే మూసుకుని కూడా కాసేపు నిలబడింది. నేను ఏ కాలి మీదా అంతసేపు నిలబడలేదు.

"మీరు పడే మనిషి కారండీ" అంది లావణ్య ఆశ్చర్యంగా. "ఎలా పడ్డారు?"

"నాకు తెలీదమ్మా. ఆయన చూశారు. ఆయన్నడుగు."

ఇద్దరూ నా వైపు తిరిగారు. నాకు అంతకన్నా మంచి అవకాశం రాదు. "జారింది" అన్నాను.

లావణ్య తన కాగితం మరోసారి చూసుకుంది. కాళ్ళు ఇంత బాగున్న మనిషి, పడింది గుర్తు కూడా లేకుండా పడిందంటే, ఒక్క క్షణం స్పృహ తప్పిందేమో అంది. గుండె డాక్టరుకు చూపించమని చీటీ రాసింది. "భయపడాల్సింది కాకపోవచ్చు. చూపించుకుంటే మంచిది" అంది. ఆ అమ్మాయి తప్పేమీ లేదు. నేనిచ్చిన సమాధానానికి అది సరైన లెక్కే.

ఫిబ్రవరి

విజయవాడ డాక్టరు గారు రెండు వారాల తర్వాత రమ్మన్నారు. ఆ రెండు వారాల్లో మార్త నాకు వంట నేర్పడం మొదలుపెట్టింది.

"పప్పు మెత్తగా ఉడికాకే చింతపండు రసం పొయ్యాలి. ముందే పోస్తే ఇక ఉడకదు. రాసుకోండి."

"నాకెందుకే ఇవన్నీ?"

"రాసుకోండి."

పాత హాజరు పుస్తకంలో ఖాళీ పేజీ తీసి రాసుకున్నాను. "ఉప్పెంత?" అని అడిగితే నా చెయ్యి దగ్గరకు తీసుకుని, అరచేతిలో ఉప్పు పోసి, నా వేళ్ళు మూసింది. "ఇంత. గుర్తుపెట్టుకోండి, మీ చేత్తో ఇంత."

ఇంకొక రోజు బట్టలు మడతపెడుతూ, అగ్గిపెట్టె ఎక్కడుందో చెప్పినంత మామూలుగా చెప్పింది. "బీరువా పై అరలో తెల్లచీర ఉంది. కొత్తది. సునీత కంగారులో వెతుక్కుంటుంది, మీరు చెప్పండి." మాలో చనిపోయిన ఆడవాళ్ళకు కట్టేది తెల్లచీర. ఎప్పుడు కొని పెట్టుకుందో నాకు తెలియదు.

అప్పుడైనా చెప్పాలి. నాలుక చివరిదాకా తెచ్చుకునేవాణ్ణి, అక్కడికి వచ్చేసరికి దానికి బదులు ఇంకోటి తయారయ్యేది. "మెట్టు మీద ఇసుక ఉందేమో మార్తా" అని ఒకసారి అన్నాను. "ఇసుకుంటే మీరూ జారాలిగా" అంది.

మామిడి పూత వాసన వస్తుండగా పొద్దున్నే బస్సెక్కి ముగ్గురం విజయవాడ వెళ్ళాం. ఆ హాల్లో వరసల వరసల కుర్చీలు. సునీత కాగితాలు పట్టుకుని కౌంటరు దగ్గర లైన్లో నిలబడింది. మార్త నా వైపు వంగి నెమ్మదిగా అంది, "లోపల ఏదన్నా ఉందంటే సునీతకు ఇవాళే చెప్పకండి. బళ్ళో పరీక్షలు జరుగుతున్నాయి. అయ్యాక చెబుదాం."

తన గురించి కాదు, సునీత బళ్ళో పరీక్షల గురించి. అప్పుడు చెప్పేశాను.

"మార్తా, నీ కాలు జారలేదు."

"ఏంటి?"

"నాది. నా చీలమండ తిరిగింది. పడుతూ నిన్ను లాగాను."

ఆమె నా వైపు పూర్తిగా తిరిగింది. "గాల్లో తిరగడం?"

"లేదు."

"మోకాలు అడ్డం పెట్టడం?"

"అది కంకరకు గీరుకుంది."

"అయితే నాకేం లేదా?"

"నీకేం లేదు మార్తా."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "మూడు నెలలండీ" అంది. "మూడు నెలలు గోడ పట్టుకుని నడిచాను."

అంతలో నర్సు వచ్చి పేరు పిలిచింది. మార్త లేచింది. రెండు వరసల కుర్చీల మధ్య నుంచి, దేన్నీ పట్టుకోకుండా, తిన్నగా నర్సు దగ్గరికి నడిచింది.

"పేషెంటు మీరేనా అమ్మా?"

"కాదు. ఆయన. ఆయన పేరు రాసుకోండి."

"ఇది గుండె డాక్టరు గారి రూము అండి."

"అందుకే. అసలుందో లేదో చూడమనండి."

సునీత పరుగెత్తుకొచ్చి, ఎందుకైనా మంచిదని వాళ్ళమ్మను లోపలికి తీసుకెళ్ళి చూపించింది. గుండె నిబ్బరంగా ఉందన్నారు. నాది చూడలేదు. తిరుగు బస్సులో మార్త ముందు ఆడవాళ్ళ సీట్లో కూర్చుంది, నేను వెనక. సునీత నా పక్కన కూర్చుని ఏమైందని అడిగింది. చెప్పాను. "అమ్మను ఎన్ని చోట్లకు తిప్పాను నాన్నా" అంది. అంతకుమించి ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

మార్చి

మార్త నాతో పన్నెండు రోజులు మాట్లాడలేదు. ఈ రాత చూపిస్తే పన్నెండు కొట్టేసి తొమ్మిది అని రాసింది. సరే, తొమ్మిది. అన్నం పెట్టేది, మంచినీళ్ళు పెట్టేది, మాట మాత్రం లేదు.

ఆ ఆదివారం బైబిలు చేతిలో పట్టుకుని, గేటు తీసుకుని, సునీత కోసం ఆగకుండా, నన్ను రమ్మనకుండా బయల్దేరింది. నేను వరండాలో నిలబడి చూశాను. మొదట ఆమె చెయ్యి పక్కింటి ప్రహరీ వైపు వెళ్ళింది. మధ్యలోనే వెనక్కి తీసుకుంది. తర్వాత రోడ్డు మధ్యకొచ్చి నడిచింది. వెనక నుంచి వచ్చిన ఆటో హారను కొట్టినా పక్కకు తప్పుకోలేదు, ఆటోయే తప్పుకుంది. నా మీద కోపంతోనే అలా నడిచిందని నాకు తెలుసు. అయినా ఆ నడక చూస్తుంటే నాకు కళ్ళ నీళ్ళు వచ్చాయి.

పదో రోజు మాట్లాడింది. "వాళ్ళు ఇంకా నా కాళ్ళ కోసం ప్రార్థన చేస్తున్నారు. ఆమెన్ అనలేక, అనకుండా ఉండలేక తల వంచుకుని కూర్చుంటున్నాను. మెట్ల దగ్గర ఇద్దరొచ్చి చెరో రెక్కా పట్టుకుంటున్నారు."

"నన్నేం చెయ్యమంటావు?"

"ఎక్కడ చెప్పారో అక్కడే చెప్పండి."

ముందు లావణ్య దగ్గరికి వెళ్ళాను. అది తేలికనిపించింది. అంతా విని ఆ అమ్మాయి నన్ను తిట్టలేదు. పాత కాగితం మీద అడ్డంగా గీత గీసి కొత్తది తీసింది. "ఎప్పుడెప్పుడు వదిలేసిందో ఇప్పుడు చెప్పండి సార్." ఒక్క పోయిన ఏడాదే వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. గ్రౌండులో, స్నానాల గదిలో, బస్సు దిగుతూ, పొలం గట్టు మీద. ఎనిమిది తేలాయి. మళ్ళీ టేపు మీద నిలబడ్డాను, ఈసారి వేలు ఆనించకుండా. కొలత ఎంత తగ్గిందో చెప్పను. "ఈ అంకెలతో మిమ్మల్ని కోర్టులోకి పంపలేను" అంది. "మూడు నెలలు కసరత్తు చేశాక చూద్దాం."

ఈ మాట పొద్దుటి జట్టుకు చెప్పాలి. మా కోటేశ్వరరావుకు మామిడి తోటలున్నాయి, జట్టులో బంతి ఎత్తి ఇచ్చేది ఆయనే. చెబితే ఆయన తువాలుతో ముఖం తుడుచుకుంటూ అన్నాడు, "మీ కుడికాలి సంగతి మాకు కొత్తేం కాదు మాస్టారూ. ఐదారేళ్ళుగా మీకు బంతి ఎడమవైపే వేస్తున్నాం. మీరు గమనించలేదా?"

గమనించలేదు. నా ఆట ఇంకా అలాగే ఉందని మురిసిపోతున్నాను.

ఆటలు నేర్పేవాళ్ళకు ఒక మాట. పిల్లల్ని నలుగురిలో నొప్పుందా అని అడగకండి. పక్కకి పిలిచి, కాలు ఎప్పుడెప్పుడు వదిలేస్తోందో అడగండి. రెండు కాళ్ళ మీదా విడివిడిగా నిలబెట్టి చూడండి. వాళ్ళతో కలిసి నడిచేవాళ్ళను కూడా అడగండి. మనం మాట మార్చవచ్చు గానీ, పక్కన నడిచే మనిషికి తెలిసిపోతుంది. మార్తకు తెలియలేదంటే, అది ఆమె నన్ను నమ్మడం వల్ల.

ఇంట్లో కసరత్తుకు లెక్కపెట్టేది మార్తే. వంటింటి గుమ్మం పక్కన ఒంటికాలి మీద నిలబడతాను, ఆమె కూరగాయలు తరుగుతూ లెక్కపెడుతుంది. ఆమె సెకన్లు నా సెకన్లకన్నా పొడుగు. "వేలు తగిలింది, మళ్ళీ మొదట్నుంచి" అంటుంది. అయితే బయట నడిచేటప్పుడు రెండడుగులు ముందే నడిచేది. నా చెయ్యి మాత్రం ముట్టుకోలేదు.

మే

చర్చిలో చెప్పడానికి రెండు నెలలు పట్టింది. సాక్ష్యాల సమయం రాగానే నాకు దగ్గు వచ్చేది. ఒక ఆదివారం లేవబోయి, లేచినవాణ్ణి ఫ్యాను స్పీడు పెంచి వచ్చి కూర్చున్నాను. మార్త తొందరపెట్టలేదు, వెనక్కి తిరిగి కూడా చూడలేదు. కానీ ప్రార్థనలో ఆమె పేరు చదివినప్పుడల్లా మెడ ఇంకొంచెం వంగేది. నాకు అది కనబడేది.

మామిడికాయల లారీలు ఊళ్ళో తిరుగుతున్న రోజుల్లో, చివరికి ఒక ఆదివారం లేచి నిలబడ్డాను.

"నవంబరులో నేనిక్కడ ఒక సాక్ష్యం చెప్పాను" అన్నాను. "ఆ రోజు కొంచెం వాన పడి మెట్లు..."

ఆడవాళ్ళ వైపు నుంచి మార్త గొంతు సవరించుకుంది.

"వాన లేదు" అన్నాను. "మెట్లు పొడిగానే ఉన్నాయి. మార్త కాలు జారలేదు. నా చీలమండ చాలా ఏళ్ళుగా బాగాలేదు. అది తిరిగి నేను పడుతూ ఆమెను లాగాను, ఆమె చెయ్యి విరిగింది. పరువు కోసం అబద్ధం చెప్పాను. గాల్లో తిరగలేదు, తల కాపాడలేదు. ఆమె తన కాళ్ళే బాగాలేవనుకుని మూడు నెలలు భయపడింది. మీరు ఇన్ని వారాలు ప్రార్థన చేసింది బాగున్న కాళ్ళ కోసం. నన్ను క్షమించండి."

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. నా దగ్గర డ్రిల్లు నేర్చుకున్నవాళ్ళే అయ్యుంటారు. పాస్టరు గారు ప్రార్థన అవసరతల కాగితం తీసి, కళ్ళద్దాలు సర్దుకుని, "మార్తమ్మ గారి కాళ్ళు కొట్టేయమంటారా?" అన్నారు.

"కొట్టేయండి. నా కుడికాలు రాసుకోండి" అన్నాను.

ఆమెన్ అందరికన్నా గట్టిగా చెప్పింది మార్త.

బయటికి వచ్చాక మెట్ల పైన ఆగాను. ఎప్పటిలా ఆమె ముందు దిగిపోతుందనుకున్నాను. ఆమె నా ఎడమవైపు, అంటే మంచికాలి వైపు వచ్చి నిలబడింది. నా చేతిలో చెయ్యి పెట్టలేదు. మోచేతి పైన జబ్బ పట్టుకుంది.

"ఈసారి పడితే వదిలేస్తా. ముందే చెబుతున్నా" అంది.

"వదిలెయ్" అన్నాను.

దిగాం. కింద నీడలో ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. అలవాటు కొద్దీ ఒకావిడ ప్లాస్టిక్ కుర్చీ లాగి, "రండి మార్తమ్మగారూ, కూర్చోండి" అంది. మార్త ఆ కుర్చీ తీసుకుని నా దగ్గరికి జరిపింది. తను వాళ్ళ మధ్యకు వెళ్ళి, రెండు చేతులూ కట్టుకుని, నిటారుగా నిలబడి కబుర్లలో పడింది.

కాసేపు కూర్చుని నేను లేవబోతుంటే వెనక్కి తిరిగి చూసింది.

"కూర్చోండి" అంది. "నాకింకో అరగంట పడుతుంది."